పెట్టె లేని చుట్ట

మా మామ్మ అడ్డపొగ తాగేది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరాల్లో పుట్టినవారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు గాని, తక్కిన తెలుగువారిలో చాలామంది విని ఉండరు కనుక చెబుతున్నాను. చుట్ట వెలిగించి, నిప్పు బాగా రాజుకునేదాకా నాలుగు దమ్ములు మామూలుగానే లాగి, ఆ తరువాత దాన్ని తిప్పి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసి పీల్చడమే అడ్డపొగ. బయట ఉన్న కొస నుంచి గాలి లోపలికి వస్తుంది. నిప్పూ బూడిదా పొగా అన్నీ నోటి లోపలే ఉంటాయి. వెన్నెల లేని రాత్రుల్లో అరుగు మీద మామ్మ ఒడిలో తలపెట్టుకుని పడుకుంటే, ఆమె మాట్లాడటానికి పెదాలు విప్పినప్పుడల్లా లోపల ఎర్రటి నిప్పు ఒక్క క్షణం కనబడి మాయమయ్యేది. నాకది భయమూ కాదు, వింతా కాదు. మామ్మ నోట్లో నిప్పు ఉంటుంది, అంతే.

నేను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో మామ్మ అన్నం తినేటప్పుడు మంట అనడం మొదలుపెట్టింది. దగ్గరి పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకువెళితే నోటిపూత అని చెప్పి పూత మందు రాసి పంపారు. మూడుసార్లు వెళ్ళాం, మూడుసార్లూ అదే మందు. నోరు పూర్తిగా తెరవమని, తల వెనక్కి వంచమని, లైటు వేసి పైకి చూడాలని ఎవరికీ తోచలేదు. చూసేవారు దొరికేసరికి అంగిలి మీద పుండు ముక్కు దాకా పాకింది. తరువాత నేను దంతవైద్యం చదివాను. కొన్ని వందలమంది మామ్మల అంగిళ్ళు చూశాను గాని మా మామ్మ అంగిలి మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే కాబట్టి ముందే చెప్పుకున్నాను.

ఈ అలవాటు ప్రత్యేకంగా ఆడవాళ్ళలో ఎందుకు పాతుకుపోయింది అన్న ప్రశ్నకు పుస్తకాల్లో చాలా కారణాలు కనిపిస్తాయి. అవన్నీ నేను వాళ్ళ నోటి నుంచే విన్నాను. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు. చేపల గంప నెత్తిన ఉన్నా, చేతుల్లో నారుకట్ట ఉన్నా చుట్టను పట్టుకోనక్కరలేదు. చంకలో పసిపిల్ల మీద నిప్పురవ్వ పడదు, చీర కాలదు. ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. పంటినొప్పి తగ్గుతుందని కొందరు, కడుపులో కదలిక వస్తుందని కొందరు, మా అమ్మ తాగేది కనుక నేనూ తాగుతున్నానని చాలామంది చెబుతారు. ఇది తెలివితక్కువ వాళ్ళ అలవాటని చదువుకున్నవారు అనుకోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. గాలిలో, నీటిలో, రెండు చేతులా పనిచేసే మనిషి తన పనికి తగినట్టుగా ఒక వ్యసనాన్ని మలుచుకుంది. ఆ సౌకర్యానికి వెల చెల్లిస్తున్నది ఆమె అంగిలి.

మన దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల, నాలుక అంచున, చిగుళ్ళ మీద వస్తుంది. గట్టి అంగిలి, అంటే అంగిలిలో ఎముక ఉన్న ముందుభాగం మీద రావడం అరుదు. ఉత్తరాంధ్ర తీరంలో మాత్రం ఆ అరుదైన చోటే క్యాన్సర్ తరచుగా వస్తుంది, అది కూడా ఆడవాళ్ళకే ఎక్కువగా వస్తుంది. మామూలుగా పొగతాగేవారి అంగిలి మీద కూడా తెల్లని పొర, మధ్యలో ఎర్రని చుక్కలతో చిన్న చిన్న బుడిపెలు రావచ్చు, కానీ వాటి వల్ల పెద్ద ప్రమాదం ఉండదు. అడ్డపొగ తాగేవారి అంగిలి మీద వచ్చే మార్పులు అలాంటివి కావు. అవి క్యాన్సర్‌గా మారే అవకాశమున్న స్థితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గుర్తించింది. తెల్లని మందపాటి పొర, దాని పక్కనే రంగు వెలిసిపోయిన మచ్చలు, మధ్య మధ్య ఎర్రబారిన చోట్లు, ఒక్కొక్కసారి పైకి కనబడని చిన్న పుండు. ఆ ఎరుపును చూస్తే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. తెల్లమచ్చను చూసి భయపడినవారు ఎరుపును పట్టించుకోరు. భయపడవలసింది ఎరుపును చూసే.

ఇదంతా కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత పరిశోధన విభాగంవారు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు పరీక్షించారు. ఫాలీ మెహతా, ప్రకాశ్ గుప్తా, డెన్మార్క్‌కు చెందిన యెన్స్ పిండ్‌బోర్గ్ మొదలైనవారు 1971లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, చూసినవారిలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవారే. ఆ జిల్లా పల్లె జనాన్ని పదేళ్ళపాటు వెంబడించి 1984లో ప్రచురించిన మరో వ్యాసంలో, అడ్డపొగ తాగే స్త్రీలలో మరణాలు పొగాకు ముట్టని స్త్రీల కంటే ఎక్కువని తేల్చారు. అంటే ఇది అంగిలితో ఆగే సంగతి కాదు.

ఆ పరిశోధకులు లెక్కలతో సరిపెట్టుకోలేదు, అందుకే వాళ్ళంటే నాకు ఎంతో గౌరవం. 1977-78 నుంచి కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్, మన శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారిని ఎంచుకుని, ఏటా ఇంటికి వెళ్ళి నోరు పరీక్షించి, ఎదురుగా కూర్చుని మాట్లాడి, సినిమాలు వేసి, పోస్టర్లు చూపించి, రేడియోలో చెప్పించి మాన్పించే ప్రయత్నం చేశారు. 1986లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, అలవాటు మానినవారూ తగ్గించినవారూ పెరిగారనీ, క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గాయనీ ఉంది. పల్లెటూరి మనిషి చెబితే వినడు అనే మాటకు ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలియదు. అయితే ఆ జవాబులో ఒక షరతు ఉంది. వాళ్ళు ఒక్కసారి వెళ్ళి చెప్పి రాలేదు. ఏడాది తరువాత మళ్ళీ అదే ఇంటికి వెళ్ళారు, ఆ మరుసటేడూ వెళ్ళారు.

ఇక చట్టం సంగతి. 2003లో వచ్చిన పొగాకు ఉత్పత్తుల నియంత్రణ చట్టం, 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో అమలైన నిషేధం, 2016 ఏప్రిల్ నుంచి పెట్టె మీద 85 శాతం మేర బొమ్మలతో హెచ్చరిక, 2018 సెప్టెంబరు నుంచి దాని కింద 1800-11-2356 అనే ఉచిత సలహా నెంబరు: ఇవన్నీ మంచి పనులే. సిగరెట్టు కాల్చే కుర్రవాడు రోజుకు ఎన్నిసార్లు జేబులోంచి పెట్టె తీస్తే అన్నిసార్లు ఆ బొమ్మ అతని కంటపడుతుంది. మరి చుట్టకు పెట్టె ఎక్కడ? చట్టం చుట్టను వదిలిపెట్టలేదు, దాని జాబితాలో చుట్ట కూడా ఉంది. కానీ మా ఊళ్ళలో ఆడవాళ్ళు సంతలో ఆకు కొని ఇంట్లో చుట్టుకుంటారు, లేదా దారంతో కట్టిన కట్టను కొట్లో విడిగా కొనుక్కుంటారు. అచ్చువేసే చోటే లేనప్పుడు బొమ్మ ఎక్కడ వేస్తారు? సినిమా హాలులో ఆట మొదలయ్యేముందు చూపించే ప్రకటన కూడా ఆమెను చేరదు. ఆమె ఇల్లు బహిరంగ ప్రదేశం కాదు కాబట్టి నిషేధమూ చేరదు. పొగాకు నియంత్రణ కోసం దేశం తయారుచేసుకున్న ముఖ్యమైన పనిముట్లన్నీ పెట్టెలో వచ్చే పొగాకు కోసం తయారైనవి. ఈ విషయం నాకు చాలా ఆలస్యంగా తట్టింది. తట్టినప్పటి నుంచి మాత్రం, ఆమె గడపకు వెళ్ళే మనిషే ఆమెకున్న ఏకైక హెచ్చరిక బొమ్మ అని ఎవరితో మాట్లాడినా చెబుతున్నాను.

గడపకు వెళ్ళే మనిషి మనకు లేకపోలేదు. ఆశా కార్యకర్త ఉంది. క్యాన్సర్, మధుమేహం, గుండెజబ్బులు, పక్షవాతాల నివారణకు కేంద్రం 2010లో ప్రారంభించిన కార్యక్రమం, 2017 నుంచి 30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ ఇంటింటా పరీక్షలు అనే రూపం తీసుకుంది. బీపీ, షుగరు, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అందులో ఉన్నాయి. దానికోసం ఆశాలు సీబ్యాక్ ఫారం అని పిలిచే ప్రశ్నావళి ఒకటి నింపుతారు. పొగాకు ఎన్నడూ ముట్టకపోతే సున్నా, ఒకప్పుడు వాడినా ఇప్పుడు అప్పుడప్పుడు వాడినా ఒకటి, రోజూ వాడితే రెండు మార్కులు. వయసు, నడుము చుట్టుకొలత, మద్యం, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బులున్నాయా అన్నవాటికి కూడా మార్కులు వేసి, మొత్తం నాలుగు దాటితే పరీక్షకు ముందుగా పంపాలి. రెండు వారాలైనా మానని నోటిపుండు ఉందా, నోట్లో తెల్లమచ్చ గాని ఎర్రమచ్చ గాని ఉందా అనే ప్రశ్నలు కూడా ఆ ఫారంలోనే ఉన్నాయి. కాగితం మీద చూస్తే లోపం కనబడదు.

రెండేళ్ళ క్రితం సెలవు పెట్టుకుని, తీరం వెంబడి ఉన్న ఒక ఊళ్ళో ఆశా కార్యకర్త వెంట తిరిగాను. ఒక ఇంటి ముందు అరవై దాటిన మామ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. ఆశా ఫారం తీసి, "మామ్మా, నువ్వు పొగ తాగుతావేటి?" అని అడిగింది. ఆవిడ కాస్త చిన్నబుచ్చుకున్నట్టుగా, "నాకేటి పొగమ్మా? నాను తాగను" అంది. ఆశా సున్నా వేయబోతుంటే ఆవిడే, "సుట్ట కాలుస్తాను గానీ" అని కలిపింది. పొగ తాగడం అంటే ఆవిడ దృష్టిలో మగవాళ్ళ బీడీ, సిగరెట్టు. చుట్ట అందులోకి రాదు, అది వక్కాకు లాంటిది, పెద్దవాళ్ళ నుంచి వచ్చింది. ఆ ఆఖరి మాట ఆవిడ అనకపోయి ఉంటే, రోజుకు నాలుగైదు చుట్టలు అడ్డంగా కాల్చే మనిషి ప్రభుత్వ లెక్కల్లో పొగాకు ముట్టని స్త్రీగా నమోదయ్యేది. 2016-17లో జరిగిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది గాని, పొగతాగే స్త్రీలు దేశం మొత్తంమీద 2 శాతమే. అంత చిన్న అంకె కనిపించే దేశంలో ఒక తీరప్రాంతపు మామ్మలు లెక్కలోకి రాకుండా పోవడం ఎంత సులభమో ఆ అరుగు మీద నాకు అర్థమైంది. అందుకే నేను అడిగే ప్రశ్న మార్చుకున్నాను. "తాగుతావా" అని అడగను. "మామ్మా, రోజుకెన్ని చుట్టలు? అడ్డంగానా, తిన్నగానా?" అని అడుగుతాను. తాగనివాళ్ళు నవ్వి లేదంటారు, తాగేవాళ్ళు లెక్క చెబుతారు.

ఆ మామ్మను నోరు తెరవమన్నాను. రొంటిన దోపుకున్న సగం చుట్టను ముందు తీసి గోడ మీద పెట్టి, కొంగుతో నోరు తుడుచుకుని తెరిచింది. అంగిలి నడుమ తెల్లగా, పగిలిన చెరువు మట్టిలా ఉంది. ఎడమవైపు మినపగింజంత మేర మాత్రం ఎర్రగా ఉంది. ఆ ఎరుపు గురించి మాటల్లో చెబితే ఆవిడ తల ఊపి మళ్ళీ చేపల దగ్గరికి వెళ్ళిపోయేదే. నా సంచిలో రెండు అద్దాలున్నాయి. చిన్నది నోట్లో పెట్టే దంతవైద్యుల అద్దం, పెద్దది చేతిలో పట్టుకునేది. టార్చి వేసి, రెండు అద్దాలూ కలిపి ఆవిడ అంగిలిని ఆవిడకే చూపించాను. అరవై ఏళ్ళుగా తన నోట్లోనే ఉన్నదాన్ని ఆవిడ మొదటిసారి చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత ఆశా వైపు తిరిగి, "నీదీ సూపించు" అంది. ఆశా నోరు తెరిచింది. గులాబీరంగులో నున్నగా ఉన్న అంగిలిని ఆవిడ వంగి వంగి చూసింది. నేను ఇరవై నిమిషాలు ఉపన్యసించినా చెప్పలేని సంగతి ఆ రెండు అంగిళ్ళూ చెప్పాయి.

ఆ ఎర్రమచ్చ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాం. క్యాన్సర్ కాదని వచ్చింది, కణాల్లో మార్పు మాత్రం మొదలైందన్నారు. మూడు నెలలకోసారి చూడాలి, చుట్ట మానాలి.

మానడం దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. నికోటిన్ చూయింగ్ గమ్ వాడమని మా పాఠ్యపుస్తకాల్లో ఉంది. పళ్ళు లేని నోటికి గమ్ ఎలా నమలమని చెబుతాం? చుట్ట కాల్చకపోతే ఉదయం విరేచనం కాదనే ఫిర్యాదు ప్రతి రెండో మామ్మ నుంచి వింటాను, అది అబద్ధం కాదు, నికోటిన్ పేగులను కదిలిస్తుంది. ఆ ఇబ్బందికి ముందే మందు చెప్పకుండా మానమంటే నాలుగో రోజుకు మళ్ళీ చుట్ట వెలుగుతుంది. కాబట్టి గోరువెచ్చని నీళ్ళు, అరటిపండు, కొన్నాళ్ళు తేలికపాటి విరేచనకారి, ఇవి మొదటిరోజే చెబుతాను. ఒక్కసారిగా మానలేనివారితో ముందు నిప్పు తిప్పడం మానమని ఒప్పందం చేసుకుంటాను. తిన్నగా కాల్చడం మంచిదని కాదు. ఊపిరితిత్తులకూ గుండెకూ అందులో రక్షణ ఏమీ లేదు. కానీ అంగిలికి నిప్పు తగలని ఒక నెల గడిస్తే మంట తగ్గుతుంది, ఆ తేడా ఆవిడకు తెలుస్తుంది, తెలిశాక రెండో మెట్టు ఎక్కించవచ్చు. నా తోటి వైద్యులు కొందరు దీన్ని ఒప్పుకోరు. వాళ్ళ అభ్యంతరం నాకు తెలుసు, అయినా నేను ఇలాగే చేస్తున్నాను.

బీపీ, షుగరు మందుల కోసం ఊరికి వచ్చే 104 వాహనం దగ్గర మరో అవకాశం ఉంది, దాన్ని మనం చేతులారా జారవిడుస్తున్నాం. నెలకోసారి అదే మామ్మ, అదే వరుసలో నిలబడి, అదే చెయ్యి చాపుతుంది. బీపీ కొలవడానికి ముందు కనీసం అరగంట పొగతాగి ఉండకూడదని నియమం ఉంది, ఎందుకంటే నికోటిన్ రక్తపోటును అప్పటికప్పుడు పెంచుతుంది. వరుసలో నిలబడి చుట్ట కాల్చి, వంతు రాగానే ఆర్పి చెయ్యి చాపిన మనిషికి వచ్చిన అంకెను బట్టి మాత్ర మోతాదు పెంచిన సందర్భాలు నేను కళ్ళారా చూశాను. చుట్ట గురించి ఒక్క ప్రశ్న లేదు. పొగాకు ఒక కార్యక్రమం, బీపీ మరొకటి, క్యాన్సర్ ఇంకొకటి, వాటి రిజిస్టర్లు వేరు, యాప్‌లు వేరు. మనిషి మాత్రం ఒక్కతే. షుగరు ఉండి చుట్ట కాల్చే మనిషికి కాలి రక్తనాళాలు ఎంత త్వరగా మూసుకుపోతాయో, గుండెపోటు, పక్షవాతం ఎంత దగ్గరికి వస్తాయో వైద్య సిబ్బందికి తెలియక కాదు, రాసుకోవడానికి గడి లేక అడగరు. ఆ మందుల కార్డు మీదే "రోజుకు ఎన్ని చుట్టలు" అని ఒక వరుస, "అంగిలి చూశారా" అని ఒక వరుస కలిపితే చాలు. చూడటానికి దంతవైద్యురాలే రానక్కరలేదు, ఒక టార్చి, ఒక అద్దం, ఎరుపుకూ తెలుపుకూ తేడా నేర్పే ఒక పూట శిక్షణ ఏఎన్‌ఎంకు సరిపోతాయి. ఆశా మీద ఇంకో పని వేయమని నేను అనడం లేదు. ఆమె నెత్తిన ఇప్పటికే మోయలేనన్ని ఉన్నాయి.

"ఇప్పటి ఆడపిల్లలు అడ్డపొగ తాగరు కదా, ఈ తరంతో అదే పోతుంది" అని ఒక సమావేశంలో పెద్దాయన ఒకరు అన్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తగ్గారన్నది నా కంటికి కనబడుతున్న నిజమే, అందుకు సంతోషమే. కానీ అలవాటు పోతుంది అంటే ఆ అలవాటున్న మనుషులు పోతారని అర్థం. వాళ్ళు ఎలా పోతారన్నది నాకు తెలుసు. అంగిలి తీసేసిన మనిషి గంజి తాగితే ముక్కులోంచి కారుతుంది, మాట ముక్కుతో వస్తుంది, ఎదుటివారికి అర్థం కాక క్రమంగా మాట్లాడటమే మానేస్తుంది. ఆ రంధ్రానికి అడ్డుగా పళ్ళసెట్టు లాంటి ప్లేటు చేసి అమర్చడం నా వృత్తిలో భాగం. ఒక మామ్మకు ప్లేటు పెట్టి గ్లాసుతో నీళ్ళిచ్చినప్పుడు, ముక్కులోంచి చుక్క కూడా రాకుండా మింగి, గ్లాసు కింద పెట్టి, తన మనవరాలిని పేరు పెట్టి పిలిచింది. ఎనిమిది నెలల తరువాత ఆ పిల్ల తన పేరు మామ్మ నోట స్పష్టంగా వింది. విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వచ్చాక మా ప్రాంతంవారికి శస్త్రచికిత్స కోసం బొంబాయి దాకా వెళ్ళవలసిన అవసరం తప్పింది, అది గొప్ప ఊరట. అయినా ఆ ప్లేటు అవసరం లేకుండా చేయగలిగిన ఏళ్ళు ఆవిడ జీవితంలో కనీసం పదిహేను ఉండి ఉంటాయి. ఆ పదిహేనేళ్ళలో ఆవిడ ఎన్నిసార్లు ఆరోగ్య సిబ్బంది ఎదుట కూర్చుని ఉంటుందో లెక్కవేస్తే మనసు కలుక్కుమంటుంది.

ఎండుచేపలు తిరగేసిన మామ్మను ఇప్పటికి ఏడుసార్లు చూశాను. మొదటిసారి రోజుకు అయిదు అంది, తరువాత మూడు, కొడుకు పడవ వేటకు వెళ్ళి రెండు రోజులు రాకపోయిన నెలలో మళ్ళీ ఆరు. ఆ ఆరూ దాచకుండా చెప్పినందుకు ఆవిడ చేయి పట్టుకున్నాను. ఎర్రమచ్చ చిన్నదయింది గాని పూర్తిగా పోలేదు. కిందటి నెల 104 వాహనం దగ్గర బల్ల మీద కూర్చోగానే, ఏఎన్‌ఎం బీపీ పట్టీ తీసేలోగా మామ్మ నోరు తెరిచి తల వెనక్కి వంచి నా అద్దం కోసం ఎదురుచూసింది. చూసి చూపించాను. "ఒకటేనమ్మా, అదీ తిన్నగానే" అంది. మందుల కార్డు వెనక ఖాళీగా ఉన్న చోట తేదీ వేసి, పక్కన ఒకటి అని రాశాను.